ఎచింగ్ ట్యాంక్ కొనాలా, చేసుకోవాలా? నా ఓటు దేనికంటే..

ఇంట్లోనే పీసీబీ చేసుకుందామని మొదలుపెట్టే ఫ్రెండ్స్ నన్ను ముందు అడిగేది ఇదే: "ఎచింగ్ ట్యాంక్ కొనాలా, చేసుకోవాలా?" నా ఓటు చేసుకోవడానికే. కానీ ఒక కండిషన్ ఉంది.

మామూలు బోర్డు మీద రాగి పొర మందం 35 మైక్రాన్లే. దాన్ని కరిగించడానికి ఫెర్రిక్ క్లోరైడ్‌కి కావాల్సింది కాస్త వేడి, కాస్త కదలిక. రెడీమేడ్ ట్యాంకుల్లో ఉండేది కూడా ఇవే: ఒక హీటర్, ఒక గాలి పంపు. ప్లాస్టిక్ డబ్బా, అక్వేరియం ఎయిర్ పంప్ ఉంటే అదే పని అయిపోతుంది. స్టీలు, అల్యూమినియం గిన్నెలు మాత్రం వద్దు, ద్రావణం వాటినీ తినేస్తుంది. పంపును ద్రావణం కంటే ఎత్తులో పెట్టండి. లేదంటే కరెంటు పోయినప్పుడు ద్రావణం ట్యూబ్‌లోంచి వెనక్కి వచ్చి పంపును పాడుచేస్తుంది.

మరి కండిషన్ ఏంటంటారా? హీటర్ దగ్గర మాత్రం ప్రయోగాలు వద్దు. డబ్బులు మిగులుతాయి కదా అని నేను హీటర్ కూడా సొంతంగా వైరింగ్ చేశా. సీల్ వదులై ద్రావణంలోకి కరెంటు దిగింది. చేతులకు రబ్బర్ గ్లవ్స్ ఉండబట్టి బతికిపోయా. ఆ రోజు మిగిలింది కొన్ని వందలు, పోయేది ప్రాణం!

ఇప్పుడు నేను డబ్బాను వేడి నీళ్ల టబ్‌లో పెడుతున్నా. కాస్త ఆలస్యమైనా బోర్డు చక్కగా వస్తోంది. కాబట్టి 230 వోల్టులతో నడిచేది ఏదైనా కొనండి, మిగతాదంతా చేసుకోండి. అన్నట్టు, వాడేసిన ద్రావణంలో రాగి ఉంటుంది. దాన్ని సింక్‌లో మాత్రం పోయకండి.