ఒక్క మూత్ర పరీక్షకు దిక్కు లేదా?

ఇరవై నాలుగేళ్ల పిల్ల రెండు తలగడలు ఎత్తు పెట్టుకుంటే తప్ప ఊపిరాడక పడుకోలేకపోతుంటే, "రక్తం తక్కువగా ఉందమ్మా, ఆకుకూరలు తిను" అని పంపించేశారు. ఆ పిల్ల మా అక్క కూతురు. తొమ్మిదో ఏట నుంచీ ఇన్సులిన్ సూదులు పొడుచుకుంటూనే ఉంది. దాని ఫైలు నేను పేజీ పేజీ తిప్పాను. తినకముందు షుగరు, తిన్నాక షుగరు, మూడు నెలల షుగరు. అక్కడక్కడ క్రియాటినిన్, దాని పక్కన "నార్మల్" అని ఒక టిక్కు. మూత్రంలో అల్బుమిన్ పోతోందా అని చూసిన కాగితం ఒక్కటంటే ఒక్కటి లేదు!

ఇలా ఇన్సులిన్ తప్పనిసరైన టైప్ 1 షుగరు జబ్బు వచ్చి అయిదేళ్లు నిండితే ఏటా మూత్రంలో అల్బుమిన్–క్రియాటినిన్ నిష్పత్తి, దాంతోపాటు ఈజీఎఫ్ఆర్ (కిడ్నీ వడపోత వేగం అంచనా) చూడాలని అమెరికన్ డయాబెటిస్ అసోసియేషన్ ఎప్పటినుంచో చెబుతోంది. ఆ నిష్పత్తి గ్రాముకు 30 మిల్లీగ్రాములు చేరితే మళ్లీ మళ్లీ పరీక్షించి జాగ్రత్తపడాలి. దానికి కావలసిందల్లా సీసాలో కాస్త మూత్రం, కొన్ని వందల రూపాయలు. క్రియాటినిన్ ఒక్కటే చూసి ధైర్యం చెప్పేవాళ్లకు తెలియదా, కండ తక్కువున్న బక్కపిల్లల్లో కిడ్నీ పని బాగా పడిపోతున్నా ఆ అంకె నార్మల్ గీత దగ్గరే ఊగుతుంటుందని? తెలుసు. అడిగే తీరిక లేదు, అంతే.

అల్బుమిన్ కారుతోందంటే చెడేది ఒక్క కిడ్నీ వడపోతే కాదు. ఒంట్లో సన్న రక్తనాళాలన్నిటికీ దెబ్బ తగులుతోందన్నమాట. ఉప్పూ నీరూ బయటికి పోక బీపీ పెరుగుతుంది, గుండె గోడలు బిరుసెక్కుతాయి. స్వీడన్‌లో 33,402 మంది టైప్ 1 వాళ్లను అదే వయసు మామూలు మనుషులతో పోల్చి 2015లో లెక్క తేల్చారు. గుండె వైఫల్యంతో ఆసుపత్రి పాలయ్యే ముప్పు వీళ్లకు నాలుగు రెట్లకు పైనే. కిడ్నీలు చెడినకొద్దీ అది ఇంకా పెరిగింది. ఇక్కడేమో షుగరు డాక్టరు గుండె ఊసెత్తడు, గుండె డాక్టరు మూత్రం అడగడు. మధ్యలో పిల్లకి కాళ్లు వాస్తే ఎండలో తిరిగావు కాబోలు అంటారు. (సంబంధాలు చెడతాయని జబ్బే దాచమనే చుట్టాలు సరేసరి.)

మందు లేదా? కాప్టోప్రిల్ అనే బీపీ మాత్ర టైప్ 1 వాళ్ల కిడ్నీలను కాపాడుతుందని 1993లోనే తేలింది. మరణం, డయాలసిస్, కిడ్నీ మార్పిడి, ఈ మూడింటి ముప్పు కలిపి సగానికి తగ్గించింది. ముందే కనిపెడితే కదా ఇచ్చేది! ఈమధ్య కిడ్నీకీ గుండెకీ మేలు చేసే కొత్త మాత్రలు వచ్చాయని పత్రికల్లో ఒకటే సంబరం. వాటిలో ఒకదాని మీద 2020లో వచ్చిన డాపా–సీకేడీ ప్రయోగంలో మాత్రం టైప్ 1 వాళ్లను చేర్చుకోనేలేదు. ఆ మాత్రలతో కీటోఅసిడోసిస్ (రక్తం ఆమ్లంగా మారే ప్రమాదం) వస్తుందన్న భయం నిజమే, కాదనను. కానీ భయముందని వీళ్లను గుమ్మం బయటే నిలబెట్టేయడమేనా?

కిడ్నీలు పోయాక ఆరోగ్యశ్రీ కింద డయాలసిస్ ఉంది, ఆంధ్రాలో నెలకు 10,000 రూపాయల పింఛనూ ఉంది. ఉండాల్సిందే. ఆ పింఛను ఒక్క నెల డబ్బుతో ఎన్నేళ్లు ఈ మూత్ర పరీక్ష చేయించవచ్చో ఎవరైనా లెక్క వేశారా? ప్రభుత్వాన్ని తర్వాత అడుగుదాం. డాక్టరు గారూ, రేపు పొద్దున మీ ఓపీకి పదేళ్లుగా ఇన్సులిన్ వాడుతున్న పిల్ల వస్తుంది. చీటీ మీద ఆ ఒక్క ముక్క రాయడానికి మీకేం అడ్డం?