పంచాయితీ వేరే, వైద్యం వేరే



ఆలుమగల గొడవను గంటకింత అని డబ్బిచ్చి పరాయివాళ్లకు చెప్పుకొనేదేమి, మనమంతా లేమా అని ఒక పెద్దాయన మన గ్రూపులో రాసినారు. దాని కింద వరసగా దండాలు పెట్టినారు. నేను పెట్టలేదు. ఎందుకో చెప్తాను.

మనలో మేనరికాలు ఎక్కువ. పంచాయితీకి కూర్చునే పెద్దమనిషి అబ్బాయికి మేనమామ, అమ్మాయికి పెదనాన్న. ఎవరి పక్షమూ కాకుండా ఆయన ఎక్కడ కూర్చుంటాడు? ఆ పిల్ల తన పడకగది కష్టం ఆయన ముందర చెప్తుందా? చెప్పిందే అనుకోండి, తెల్లారేసరికి బాగలూరు నుంచి డెంకణికోట దాకా పాకుతుంది. రేపు చెల్లెలికి సంబంధం చూసేటప్పుడు ఆ మాటే లేస్తుంది.

థెరపిస్టు మనకు ఏమీ కాదు. ఆ పరాయితనానికే మనం డబ్బిచ్చేది. ప్రాణానికి ముప్పు లాంటిది ఉంటే తప్ప విన్నది బయట చెప్పకూడదన్నది ఆ వృత్తి కట్టుబాటు. తప్పెవరిదో తేల్చే పని పెట్టుకోరు. గొడవ ఎక్కడ మొదలై ఎట్ల ముదురుతుందో, ఒకరి మాట ఒకరు ఎక్కడ వినడం మానేసినారో ఇద్దరికీ కనబడేటట్లు చేస్తారు. అవసరమైతే అత్తమామలనూ పిల్లలనూ పిలుస్తారు. వారానికొక గంట చొప్పున నెలలు పట్టే పని. మన పెద్దలేమో ఒక్క సాయంత్రంలో తేల్చి, కాఫీ తాగి, "సర్దుకోమ్మా" అని లేస్తారు. "సర్దుకో నాయనా" అని ఎప్పుడైనా విన్నారా?

కొట్టే ఇంటి సంగతి ఇంకా ఘోరం. దెబ్బలు తిన్న పిల్లను కొట్టినవాడి పక్కనే కూర్చోబెట్టి నిజం చెప్పమంటే ఏం చెప్తుంది? పని తెలిసిన థెరపిస్టు అప్పుడు ఇద్దరినీ కలిపి కూర్చోబెట్టరు, ముందు ఆమె క్షేమం చూస్తారు. దానికి 2005 గృహహింస చట్టం ఉంది, 181 నంబరుంది. మన హాలు ఆ పనికి కాదు.

డబ్బు సంగతిలో మాత్రం ఆయన మాట నిజమే. ప్రైవేటుగా పోతే గంటకు వేయి, రెండువేలు అడుగుతారు, మగ్గాలో కూరగాయలో నమ్ముకున్న ఇల్లు ఎక్కడ తెస్తుంది? కానీ నిమ్హాన్స్ ప్రభుత్వానిది. ఉండేది హొసూరు రోడ్డులోనే, మన ఊరి పేరున్న రోడ్డే, అయినా మనవాళ్లకు అది ఇంకా పిచ్చాసుపత్రే! 2022లో మొదలైన టెలి మానస్ 14416కు ఉచితంగా ఫోన్ చేసి తెలుగులోనే మాట్లాడవచ్చు. ఇంకొకటి, బోర్డు పెట్టినవాళ్లంతా చదివినవాళ్లు కారు. క్లినికల్ సైకాలజిస్టు అని చెప్పుకొంటే రిహాబిలిటేషన్ కౌన్సిల్ రిజిస్ట్రేషన్ నంబరు అడగండి, మొహమాటం వద్దు.

మనకు అసలు లోటు భాష. బడి తమిళంలో, బేరం కన్నడంలో, ఉద్యోగం ఇంగ్లీషులో నడిచిపోతుంది. ఏడ్చేది మాత్రం తెలుగులోనే. హొసూరులోనూ బెంగుళూరులోనూ తెలుగు మాట్లాడే అర్హులైన థెరపిస్టుల పట్టిక సంఘం తయారుచేయాలి. లేనివాళ్లకు మొదటి నాలుగు సార్ల ఫీజు పండగ చందా నుంచి, పేరు బయటపెట్టకుండా ఇవ్వాలి. హాలులో ఆలుమగల పంచాయితీలు ఆపాలి.

వచ్చే నెల మీటింగులో ఈ తీర్మానం నేనే పెడతాను. కాదనేవాళ్లు గ్రూపులో దండాలు పెట్టి ఊరుకోకుండా, ఎదురుగా వచ్చి మాట్లాడండి.