ఒక్క ట్యాప్ గేమ్‌లో ఓడితే తప్పు నా వేలిదే అయ్యుండాలి

మొన్న సంక్రాంతికి నరసన్నపేట వెళ్ళినప్పుడు, బీటెక్ ఫైనల్ ఇయర్‌లో సరదాగా చేసిన గేమ్ ఒకటి మా పిన్ని కొడుక్కి ఇచ్చాను. అంతరిక్షంలో ఒక రాకెట్, అడ్డొచ్చే రాళ్ళు, అంతే. స్క్రీన్ మీద ఎక్కడ ట్యాప్ చేసినా రాకెట్ పైకి లేస్తుంది, వదిలేస్తే కిందికి జారుతుంది. నా ఫోన్‌లో నా హైస్కోర్ 64. వాడి కొత్త ఫోన్‌లో వాడు మూడు దాటలేకపోయాడు.

"ఏటన్నయ్యా ఇది, పట్టుకునేలోపే ఎలిపోతంది!" అన్నాడు.

"ప్రాక్టీస్ చెయ్‌రా" అని నవ్వేశాను.

రాత్రి కోడ్ తెరిచి చూస్తే తప్పు వాడిది కాదు, నాది. నా ఫోన్ డిస్‌ప్లే 60 హెర్ట్జ్, వాడిది 120. నేనేమో రాకెట్‌ని ఫ్రేమ్‌కి ఇంత అని కదిలించాను. 60 హెర్ట్జ్‌లో ఫ్రేమ్ 16.7 మిల్లీసెకన్లకోసారి వస్తుంది, 120లో 8.3కే వచ్చేస్తుంది. అంటే వాడి ఫోన్‌లో గేమ్ మొత్తం రెట్టింపు స్పీడ్‌లో పరిగెడుతోంది. ఫ్రేమ్‌ల బదులు గడిచిన టైమ్‌ని లెక్కలోకి తీసుకుంటే సరిపోయేది. నాలుగు లైన్ల పని. అది చెయ్యకుండా వాడికి నీతులు చెప్పాను.

నా దృష్టిలో ఒక్క ట్యాప్ గేమ్‌కి ఉన్న విలువంతా ఒకే మాట మీద ఆధారపడి ఉంది: ఓడితే తప్పు ఆడేవాడిదే. వియత్నాం డెవలపర్ డాంగ్ న్యుయెన్ 2013లో తెచ్చిన ఫ్లాపీ బర్డ్ గుర్తుందా? 2014 ఫిబ్రవరిలో ఆయనే దాన్ని స్టోర్ల నుంచి తీసేశాడు. అంత కష్టమైన గేమ్‌ని జనం ఎందుకు వదల్లేదు? పక్షి పడిన ప్రతిసారీ "అరె, నేనే లేట్" అనిపించేది కాబట్టి.

అంతరిక్షం గేమ్‌లో ఇది ఇంకా ముఖ్యం. 1979లో అటారీ తెచ్చిన లూనార్ ల్యాండర్ నుంచీ ఈ గేమ్‌ల అసలు మజా ఫిజిక్స్‌లోనే ఉంది. అక్కడ గాలి లేదు, బ్రేక్ లేదు. ఒకసారి తోస్తే అలా పోతూనే ఉంటుంది, ఆపాలంటే ఎదురు తోయాలి. 2023 ఆగస్టు 23 సాయంత్రం 6:04కి చంద్రయాన్-3 చేసింది అదే. సెకనుకు దాదాపు 1.68 కిలోమీటర్ల వేగాన్ని విక్రమ్ ఇంజిన్లతోనే తగ్గించుకుంటూ దిగింది, పారాచూట్ పనిచెయ్యడానికి అక్కడ గాలే లేదు కదా. ఈ సంగతి స్కూల్ పిల్లాడి వేలికి ఐదు నిమిషాల్లో ఎక్కించగలిగే గేమ్, ఫోన్ మారగానే లెక్క మారిస్తే ఎలా?

లెక్క సరిగ్గా ఉన్న గేమ్‌లని కూడా యాడ్స్ పాడుచేస్తున్నాయి. రాకెట్ పేలగానే వేలు "మళ్ళీ ఆడు" మీదికి వెళ్తుంది, సరిగ్గా ఆ క్షణంలోనే ఫుల్ స్క్రీన్ యాడ్ ఊడిపడుతుంది. వేగంగా ట్యాప్ చెయ్యడం నేర్పించి, ఆ ట్యాప్‌నే యాడ్ క్లిక్‌గా అమ్ముకోవడం ఇది. ఆట మధ్యలో అనుకోకుండా ఇలాంటి యాడ్స్ వెయ్యకూడదని గూగుల్ ప్లే 2022 సెప్టెంబర్ 30 నుంచి రూల్ పెట్టింది. ఫ్రీ గేమ్‌కి డబ్బులు యాడ్స్ నుంచే రావాలి, ఒప్పుకుంటాను. కానీ "యాడ్ చూస్తే ఇంకో లైఫ్" అని అడిగి వెయ్యొచ్చు. అప్పుడు చూడాలా వద్దా అన్నది ఆడేవాడి ఇష్టం.

గేమ్ చేసేవాళ్ళకి నా రిక్వెస్ట్ ఒకటే. రిలీజ్‌కి ముందు 60లో, 120లో, ఇంట్లో ఉన్న పాత ఫోన్‌లో ఆడి చూడండి. కొత్త ఫోన్ కొనేవాళ్ళూ బెంచ్‌మార్క్ స్కోర్‌తో పాటు ఇలాంటి గేమ్ ఒకటి ఆడి చూడండి. వేలు తగలడానికీ రాకెట్ లేవడానికీ మధ్య ఆలస్యం ఉంటే ఇట్టే తెలిసిపోతుంది.

నా గేమ్ మర్నాడే సరిచేసి మా తమ్ముడికి పంపాను. వాడి స్కోర్ ఇప్పుడు 91. నాది ఇంకా 64 దగ్గరే ఉంది, ఆ తప్పు మాత్రం పూర్తిగా నా వేలిదే.