నీటిని కొలుచు విద్య

కృష్ణవేణి యొడ్డున పుట్టియు మన పట్టణపు బాలురకు ఈత రాదన్న మాట వినుటకు సిగ్గుగా నున్నది. బెజవాడ నగరమును చీల్చుకొని యేలూరు కాలువ, రైవిసు కాలువ, బందరు కాలువ యని మూడు కాలువలు పారుచున్నవి. 1855లో ఆనకట్ట ముగిసిన నాటనుండియు నీ నీటితోనే మన తాతలు పండించిరి, ఈ నీటిలోనే ఎండిన ఆనపబుర్రను నడుమునకు గట్టుకొని యీత నేర్చిరి. ఆ తరము ముసలిదైనది. కాలువలలో మురుగు చేరినది. తల్లులు బిడ్డలను గట్టుదాపులకు పోనీయరు, పోనీయకుండుటయు న్యాయమే. 2017 నవంబరు 12వ తేదీన ఇబ్రహీంపట్టణము ఫెర్రీకడ పడవ తలక్రిందులై యిరువదిమందికి పైగా జలసమాధి యయిన దుర్దినమును, 2024 సెప్టెంబరు మొదటిదినములలో బుడమేరు పొంగి సింగునగరము నీటిపాలైన దుర్దినములను ఈ పట్టణ మింకను మరువలేదు.

ఇట్టి యూరిలో ఈతపోటీలను గూర్చిన శాస్త్రపరిశోధన యని ప్రసంగించుట కొందరికి వింతగా దోచవచ్చును. ముందు మునిగిపోవువారిని గట్టెక్కింపుడు, పందెముల శాస్త్రము పిదప చూచుకొందమని చదువరులలో నొకరైన ననకపోరు. ఆ యాక్షేపణ తేలికయైనది కాదు. కాని పందెమునకై పుట్టిన శాస్త్రమే పసివానికి ఈత నేర్పు శాస్త్రమును అగుచున్నదని మా యభిప్రాయము. ఎట్లందురేని వినుడు.

నీరు గాలికంటె సుమా రెనిమిదివందల రెట్లు సాంద్రమైనది. అందు కదలువానిని నీరు వెనుకకు నెట్టుచుండును. వేగము రెండింత లయినచో ఆ నిరోధము నాలుగింత లగును. దానిని జయించుటకు వలయు సామర్థ్య మెనిమిదింత లగును. కాబట్టి కండబలము నమ్ముకొని బాదువాడు త్వరలోనే యలసి నిలిచిపోవును. దేహమును సన్నని తెడ్డువలె నిలిపి నిరోధమును తగ్గించుకొనువాడు ముందునకు పోవును. ఎంత నేర్పరియైనను తాను ఖర్చు పెట్టిన శక్తిలో నూటికి అయిదు మొదలు పదిపాళ్ళు మాత్రమే ఈతగా మార్చుకొనగలడని శరీరశాస్త్రజ్ఞులు లెక్కించిరి. తక్కినదంతయు వేడియై పోవుచున్నది. ఇంకొక సంగతి. మనిషి దేహమును నీరు పైకెత్తు బలము ఊపిరితిత్తులున్న రొమ్ముకడ కేంద్రీకరించును. బరువు నడుముకడ క్రిందికి లాగును. ఈ రెంటి నడుమ నున్న దూరమే కాళ్ళు మునుగుటకు కారణము. భయపడి తల పైకెత్తిన కొలదిని కాళ్ళు మరింత దిగును. తల నీట వంచినచో కాళ్ళు తేలును. ఒలింపిక్ పందెగానికి నూరవవంతు సెకండును మిగుల్చు సూత్రమును, కాలువలో జారిన పిల్లవానికి ప్రాణమును మిగుల్చు సూత్రమును ఒక్కటే.

ఈ విద్య పుట్టుక చరిత్రలో మనబోటి జాతులు గమనింపదగిన విచిత్ర మొకటి కలదు. నేడు లోకమంతట అతివేగమైన దని పేరొందిన బారల యీత ఐరోపాఖండమున పుట్టినది కాదు. 1844లో ఉత్తర అమెరికా ఆదివాసు లిరువురను లండనుకు గొనిపోయి ఈదించిరి. వారు గాలిమర రెక్కలవలె చేతులు విసరుచు, కాళ్ళతో నీటిని కొట్టుచు మెఱుపువలె పోయిరి. చూచిన దొరలు మెచ్చుకొనుటకు మారుగా, అది నాగరికుల పద్ధతి కాదని ముక్కు విరిచి, తమ కప్ప యీతనే మరల పట్టుకొనిరి. అర్ధశతాబ్దము గడచిన పిదప సాలమన్ ద్వీపవాసి ఆలిక్ విక్‌హామ్ సిడ్నీ నగరమున అదే రీతిని ఈదినప్పుడుగాని తెల్లవారికి కన్నులు తెరవబడలేదు. 1898లో అమెరికా మ్రింగివేసిన హవాయి దీవుల బిడ్డడు డ్యూక్ కహనమోకు 1912లో స్టాక్‌హోంలోను, 1920లో ఆంట్‌వర్పులోను నూరు మీటర్ల పందెమున స్వర్ణపతకము గెలిచెను. ఈతను నేర్పినవారు సముద్రతీరపు అనామకులు. దానిని కొలిచి, గ్రంథములు వ్రాసి, శాస్త్రమని పేరుపెట్టినవారు వేరొకరు. కొలత గలవానికే కీర్తి దక్కినది.

కొలత ప్రారంభమైన తీరు మిక్కిలి సాదాది. 1905లో జర్మనీయుడు డ్యూబోయ్-రేమాన్ మనిషిని పడవవెనుక త్రాటితో లాగించి, త్రాటిపై పడు బలమును తూచెను. 1919 ప్రాంతమున స్వీడనులో లిల్యెస్ట్రాండు, స్టెన్‌స్ట్రోము అను నిరువురు ఈతగాని ప్రక్కనే పడవను నడపించుచు అతని శ్వాసను పట్టి, ఎంత ప్రాణవాయువు ఖర్చగుచున్నదో లెక్కకట్టిరి. 1933లో అమెరికాలోని స్ప్రింగ్‌ఫీల్డు కళాశాలయందు కార్పోవిచ్ పండితుడు నీటినిరోధమును వేగమునకు సరిపోల్చి పట్టికలు వేసెను. త్రాడు, త్రాసు, గడియారము, ఓపిక. వీనికి మించిన సాధనసంపత్తి వారి కేమియు లేదు. కోటానుకోట్ల రూపాయలు లేనిదే పరిశోధన సాగదని మన కళాశాలలవారు చెప్పు సాకు ఈ చరిత్రముందు నిలువదు.

ఆ కాలముననే జపాను మేలుకొన్నది. పొట్టివారు, బక్కవారు అని పాశ్చాత్యులు నవ్విన ఆ జాతి, అయిదేండ్లు పదేండ్లు శ్రద్ధతో శిక్షణసాగించి, 1932 లాస్ ఏంజెలిసు ఒలింపిక్సులో పురుషుల ఈతపందెములు ఆరింటిలో అయిదు స్వర్ణపతకములను కొల్లగొట్టెను. 1500 మీటర్లు గెలిచిన కితమురా వయస్సు పదునాలుగేండ్లు! ఆసియావాసి దేహము నీటికి తగదన్న వాద మానాటితో అంతరించి యుండవలసినది.

తరువాతి తరమున ఇండియానా విశ్వవిద్యాలయపు శిక్షకుడు జేమ్సు కౌన్సిల్‌మన్ ఈ శాస్త్రమునకు ప్రాణము పోసెను. చీకటి కొలనులో ఈతగాని చేతులకు దీపములు కట్టి, నీటిక్రిందనుండి ఛాయాచిత్రములు తీయించి, చేయి తిన్నగా వెనుకకు పోవుట లేదనియు, వంకరలు తిరుగుచు పోవుచున్నదనియు చూపెను. 1968లో ఆయన ప్రకటించిన గ్రంథము శిక్షకులకు వేదమైనది. ఆయన శిష్యుడు మార్క్ స్పిట్జ్ 1972లో మ్యూనికున ఏడు స్వర్ణములు గెలిచెను. అయినను, విమానపు రెక్కవలె చేయి పనిచేయుచున్నదని కౌన్సిల్‌మన్ చెప్పిన కారణమును తరువాతివారు చాలవరకు త్రోసివేసిరి; నీటిని వెనుకకు నెట్టుటయే ప్రధానమని తేల్చిరి. గురువు తప్పినచోట శిష్యులు దిద్దిరి, గురువు పరువేమియు పోలేదు. మనవద్ద నైనచో ఎన్ని ముఠాలు లేచి యుండునో! ఆ పెద్దమనిషి 1979లో ఏబదియెనిమిదవ యేట తానే ఇంగ్లీషు చానలును ఈది యవతలి గట్టు చేరెను. గట్టున కూర్చుండి బోధించువాడు కాడు.

1970లో బ్రసెల్సు నగరమున ఈతశాస్త్రజ్ఞుల మొదటి అంతర్జాతీయసభ జరిగినది. 1980 తరువాత ఆమ్‌స్టర్‌డాము పండితులు ఒక యంత్రము చేసిరి. నీటిక్రింద పొడుగాటి గొట్టమునకు పదునారు పలకలు వరుసగ బిగించి, ఈతగాడు బారబారకు నొక్కొక పలకను త్రోసికొని పోవునట్లేర్పరచి, ఆ త్రోపును కొలిచిరి. ఇంతే. ఈ యంత్రమును గూర్చి మరల ప్రస్తావించెదము.

శాస్త్రము దారితప్పిన కథలును దాచరాదు. 1976 మాంట్రియలులో తూర్పుజర్మనీ బాలికలు పదుమూడు స్వర్ణములలో పదునొకండు గెలిచినప్పుడు లోకము వారి శాస్త్రపద్ధతిని వేనోళ్ళ పొగడెను. అది పద్ధతి కాదు, విషము. పురుషలక్షణములు పుట్టించు మందు బిళ్ళలను విటమినులని చెప్పి పసిపిల్లలచేత మ్రింగించిరి. ఆ ప్రభుత్వము కూలినపిదప కాగితములు బయటపడినవి. 2000లో బెర్లిను న్యాయస్థానమున ఆ క్రీడాధిపతికి శిక్ష పడినది. ఆ బిడ్డల ఆరోగ్యము మాత్రము తిరిగిరాలేదు. 2008లో వచ్చిన ఈతదుస్తుల కథ అంతటి ఘోరము కాకపోయినను వింతయే. అమెరికా అంతరిక్షసంస్థ గాలిసొరంగమున పరీక్షించిన బట్టలు తొడిగి యీదినంతనే రికార్డులు వరదలో గోడలవలె కూలినవి. 2009 రోము పోటీలలో నలుబదిమూడు ప్రపంచ రికార్డులు పడినవి. గెలుచుచున్నది మనిషియా, బట్టయా యను సందేహము పుట్టి 2010 మొదలు వానిని నిషేధించిరి. దుస్తుల ధర చెల్లింపలేని పేదదేశపు పిల్లవాని పక్షమున ఆ నిషేధమును మేము మెచ్చుకొనుచున్నాము.

ఇక మన సంగతి. 1951 ఢిల్లీ ఆసియా క్రీడలలో సచిన్ నాగ్ నూరు మీటర్లు గెలిచి స్వతంత్రభారతమునకు ఆ క్రీడలలో తొలి స్వర్ణము తెచ్చెను. 1958లో మిహిర్ సేన్, 1959లో ఆరతీ సాహా ఇంగ్లీషు చానలు దాటిరి. 1972లో హైడెల్బర్గున మురళీకాంత్ పేట్కర్, యుద్ధమున గాయపడిన దేహముతోనే, పారాలింపిక్స్ స్వర్ణము గెలిచెను. ఒలింపిక్సులో మాత్రము 2024 పారిసు వరకును ఈతలో మనకు ఒక్క పతకమును లేదు. తెలుగువారు సాహసమునకు వెనుదీయలేదు. సామర్లకోట ఆడపడుచు గోలి శ్యామల 2021లో, నలుబదేండ్లు దాటిన వయస్సున, పాక్ జలసంధిని ఈది ధనుష్కోటి చేరెను. బెజవాడ పోలీసు ఉద్యోగి తులసీచైతన్యయు ఆ జలసంధిని దాటిన ధీరుడు. వారికి పూలదండలు వేసితిమి, పత్రికలలో బొమ్మలు వేసితిమి. అన్ని గంటలు ఉప్పునీట నున్న ఆ దేహముల వేడి ఎంత, నిమిషమునకు బారలెన్ని, ఏ గంటకు బలము తగ్గెను, ఏ యాహారమునకు తేరుకొనెను? ఈ లెక్కలు తెలుగున నేర్చుకొనదలచిన బాలునికి ఏ గ్రంథాలయమున దొరకును?

సాధనములు లేవనుట సత్యము కాదు. 1969లో విశాఖపట్టణమున నెలకొన్న నౌకాదళ పరిశోధనాలయమునందు ఓడల నమూనాలను నీటిలో లాగి నిరోధమును కొలుచుటకు అయిదువందల మీటర్ల పొడవు గల తొట్టి యున్నది. ఇంగ్లండులో ఫ్రౌడు పండితుడు 1872 ప్రాంతమున ప్రారంభించిన విద్యయే అది. ఓడకు వర్తించు అలనిరోధసూత్రమే ఈతగానికిని వర్తించును. రక్షణశాఖవారి తొట్టిలో బాలురను దింపుమని మేము కోరుట లేదు. ఆ లెక్కలు తెలిసిన తెలుగు ఇంజనీరులు సెలవుదినముల నొక పూట మన శిక్షకులకు పాఠము చెప్పిన చాలును.

యంత్రములు చేయుటకు మన ఆటోనగరు లేదా? లారీబాడీలు కట్టువారు, లేతుమిషనుమీద వెండ్రుకవాసి తేడా లేకుండ ఇరుసులు తరుగువారు, పారవేసిన యింజనుకు ప్రాణము పోయువారు ఆ నాలుగు వీథులలో వేలమంది కలరు. ఆమ్‌స్టర్‌డాము పలకల గొట్టమును బొమ్మ చూపిన చాలు, వారు బిగించి యీయగలరు. బలము కొలుచు భాగమును కానూరులో, ఆటోనగరు ప్రక్కనే, 1977 నుండి యున్న సిద్ధార్థ ఇంజనీరింగు కళాశాల విద్యార్థులు అమర్చగలరు. పురపాలకులు నడుపు సర్ విజ్జీ ఈతకొలనులో ఒక వరుసను వారమున కొకపూట విడిచి పెట్టిన పని మొదలగును. చేతిలో గడియారము, గట్టుపై కొలతచారలు, గాజుపెట్టెలో నుంచి నీట దించిన సెల్‌ఫోను — ఇవి యున్న చాలు, బార పొడవును బారల సంఖ్యచే గుణించి వేగము తేల్చవచ్చును. ఏ పిల్లవాడు బార కురుచచేసి తొందరపడుచున్నాడో, ఎవడు బార చాచి నిలుకడగ పోవుచున్నాడో నెలదినములలో బయటపడును.

మరియొక విషయము మాకు అన్నిటికంటె ముఖ్యముగా తోచుచున్నది. చలిదేశములవారు కొలిచిన కొలతలు చల్లనినీటి కొలతలు. పోటీకొలనుల నీరు 25 మొదలు 28 డిగ్రీలలోపల నుండవలెనని నియమము. వైశాఖమున, గాలి నలుబది డిగ్రీలు దాటిన బెజవాడలో, కప్పులేని కొలనునీ రెంత వెచ్చగ నుండునో దిగినవాడెరుగును. చెమట గాలిలో ఆరిననే దేహము చల్లబడును. నీటిలో మునిగియున్నవాని చెమట ఆరదు. పైన జెప్పినట్లు వాని శక్తిలో తొంబదిపాళ్ళు వేడిగానే మారుచుండగా, చుట్టునున్న నీరును వెచ్చనైనచో ఆ వేడి యెక్కడికి పోవును? 2010 అక్టోబరులో అరబ్బుదేశమగు ఫుజైరాలో పదికిలోమీటర్ల సముద్రపందెమున అమెరికా యువకుడు ఫ్రాన్ క్రిప్పెన్ వెచ్చని నీటిలోనే ప్రాణము విడిచెను. ఆ పిమ్మట 31 డిగ్రీలు మించిన నీటిలో అట్టి పందెములు జరుపరాదని నియమించిరి. ఉష్ణదేశపు ఈతగాడు ఎంతసేపు, ఎంత వేగమున, ఏ వేళ అభ్యసింపవలెనను ప్రశ్నకు సమాధానము వెదకుట స్టాక్‌హోమువారి యవసరము కాదు, మనది. మన బిడ్డ లీదునది ఈ నీటిలో. వేసవి సెలవులలోనే ఈతశిక్షణ శిబిరములు నిండిపోవును గనుక ఇది పందెగాండ్ర సమస్య మాత్రమును కాదు. సిద్ధార్థ వైద్యకళాశాలలోని శరీరశాస్త్ర ఉపాధ్యాయులు తలచినచో రెండు వేసవులలో లోకమునకు పనికివచ్చు గ్రంథమును బెజవాడనుండి వెలువరింపగలరు.

కాబట్టి పురపాలక సంఘమువారిని, కళాశాలల యధిపతులను మేము కోరునది యిది. రానున్న వేసవికి ముందే ఈతశిక్షకులు ఇద్దరు, శరీరశాస్త్ర మెరిగిన వైద్యు డొకడు, ఇంజనీరింగు ఉపాధ్యాయు డొకడు, ఆటోనగరు పనివాడు ఒకడు కలిసిన చిన్న సంఘము నేర్పరుపుడు. ఆ పనివానిని కేవలము కూలిగానిగ గాక సభ్యునిగ కూర్చుండబెట్టుడు. కొలనునీటి యుష్ణమును ఉదయము, మధ్యాహ్నము, సాయంకాలము వ్రాసి గోడపై నంటింపుడు. శిక్షణకు వచ్చు ప్రతి బాలుని, ప్రతి బాలిక బారల లెక్కను పుస్తకమున కెక్కింపుడు. తల్లిదండ్రుల యనుమతి లేనిదే ఏ పరీక్షయు చేయకుడు. మందుబిళ్ళ పేరెత్తినవానిని కొలనుగట్టు ఎక్కనీయకుడు. ఏడాది కొకసారి ఆ లెక్కలను తెలుగున అచ్చువేయించి ఊరూర పఠనమందిరములకు పంపుడు. అచ్చుఖర్చు భరించుటకు ఆటోనగరు వర్తకసంఘములు వెనుకాడునని మేము తలంపము. మొదటి పుస్తకమునకు కావలసినవి ఉష్ణమాపకము లొక మూడు, గడియారములు రెండు. వానిని బీసెంటు రోడ్డున నొక పూటలో కొనవచ్చును.