గ్యాస్ సరే, దాన్ని చేసినవాళ్ళ పేర్లేవి?

కోనసీమలో గ్యాస్ అనగానే గుర్తొచ్చేవి రిగ్గులు, పైపులైన్లు, 1995 నాటి పాశర్లపూడి బ్లోఅవుట్. 2006లో జాయిడెస్ రిజల్యూషన్ అనే ఓడ కృష్ణా గోదావరి బేసిన్లో సముద్రం అడుగున తవ్వితే, ఒకచోట 128 మీటర్ల మందాన గ్యాస్ హైడ్రేట్ ఇమిడిన బురద బయటపడింది. హైడ్రేట్ అంటే మీథేన్ని బంధించిన మంచు. ఆ మీథేన్ని చేసింది చాలావరకు బురదలో బతికే సూక్ష్మజీవులే!

మరి వాటి పేర్లేంటి? ఇక్కడే ఉంది చిక్కు. కొత్త బాక్టీరియాకి పేరు పెట్టాలంటే పాత నియమాల ప్రకారం డీఎన్ఏ ఒక్కటే చాలదు. దాన్ని ల్యాబ్‌లో పెంచి, రెండు వేర్వేరు దేశాల కల్చర్ బ్యాంకుల్లో దాచాలి. మన తీరపు ఉప్పునీళ్ళలో దొరికినవాటికి 2007లో థయోరోడోకాకస్ కాకినాడెన్సిస్, థయోరోడోకాకస్ భీమ్లికస్ అని అలాగే పేర్లొచ్చాయి. లోతు సముద్రపు జీవులు మాత్రం ల్యాబ్‌లో ఓ పట్టాన పెరగవు. 2022లో వచ్చిన సీక్‌కోడ్ జీనోమ్ ఉంటే చాలంటుంది. నాకయితే అది సగం పరిష్కారమే అనిపిస్తుంది. సోర్స్ కోడ్ చదివితే ప్రోగ్రామ్ రన్ చేసినట్టు కాదుగా :)

నేననేది ఒకటే. గ్యాస్ కోసం తీసే ప్రతి కోర్ నుంచీ ఒక ముక్క సూక్ష్మజీవుల ల్యాబ్‌కి వెళ్ళాలి. తోడటం మొదలయ్యాక ఆ బురద మునుపటిలా ఉంటుందన్న గ్యారంటీ లేదు. బ్యాకప్ తియ్యకుండా ప్రొడక్షన్ సర్వర్ మీద చెయ్యి వేస్తామా? మీరేమంటారు?