రెండేళ్లకొకసారా, ఏడాదికి రెండుసార్లా?



సంఘం నియమావళి సవరణ ముసాయిదా చేతికొచ్చింది. తెలుగులో కాదు, మరాఠీలో కాదు, ఇంగ్లీషులో! జమాఖర్చులు సభ్యుల ముందు పెట్టేది 'బైయాన్యువల్'గా అని రాశారు. సాఖర్ పేటలో చదివినవాళ్లు ఆరు నెలలకొకసారి అన్నారు. అశోక్ చౌక్‌లో చదివినవాళ్లు రెండేళ్లకొకసారి అన్నారు. కార్యవర్గాన్ని అడిగితే "రెండూ కరెక్టే" అని జవాబు. ఎట్లా కరెక్టు? రెండేళ్లలో నాలుగుసార్లు లెక్క చెప్పడం, ఒక్కసారి చెప్పడం ఒకటేనా?

ఈ గందరగోళం లాటిన్‌లో లేదు. అక్కడ 'అన్నుస్' అంటే ఏడాది. ముందు 'బి' చేరితే అచ్చు మారి 'బియెన్నిస్' అవుతుంది, అంటే రెండేళ్లపాటు ఉండేది. దాన్నుంచే ఇంగ్లీషు 'బైయెన్నియల్' వచ్చింది. 1895లో మొదలైన వెనిస్ బియెన్నాలె పేరు అదే. రాజ్యసభలో మూడోవంతు సభ్యులు రెండేళ్లకొకసారి దిగిపోతే జరిగే ఎన్నికలకూ అదే మాట, మన పేపర్లలో ద్వైవార్షిక ఎన్నికలు. 'బైయాన్యువల్' మాత్రం ఇంగ్లీషువాళ్లు తర్వాత అతికించుకున్నది. దాని సరైన అర్థం ఏడాదికి రెండుసార్లు. వాళ్లలోనే కొందరు రెండేళ్లకొకసారి అనీ వాడతారు. 'బైమంత్లీ'కైతే నిఘంటువులే రెండర్థాలూ ఇస్తాయి. వాళ్లింటి తగాదా మనింట్లోకి ఎందుకు? మరాఠీ 'పాక్షిక్' పదిహేను రోజులకొకసారి వచ్చేది, మన 'పాక్షికం' కొంతమేరకే అయ్యేది. ఈ చిక్కు మనకు చాలదా?

ఇది మాటల పంచాయితీ కాదు. ఆ పెట్టెలో ఉన్నది వెయ్యి బీడీలకు ఇంత అని కూలి తీసుకునే మన అక్కాచెల్లెళ్లు, పవర్‌లూమ్ మీద నిలబడే అన్నదమ్ములు కట్టిన చందా. వెయ్యికి నాలుగు బీడీలు తక్కువైతే కార్ఖానాలో ఊరుకుంటారా? 1950 నాటి పబ్లిక్ ట్రస్టుల చట్టం లెక్కలు ఏటా ముగించి ఆడిట్ చేయించమంటుంది. ఆడిటర్‌కు ఏటా కనిపించే లెక్క, చందా కట్టినవాళ్లకు రెండేళ్లకు కనిపించాలా?

ఆరు నెలలకొకసారి సభ పెడితే ఖర్చెక్కువ అంటున్నారు. సరే, 'ఏడాదికొకసారి' అని రాయండి, దాని మీద వాదించుకుందాం. రేపు ఎవరికి తోచినట్టు వాళ్లు తిప్పుకునే మాట మాత్రం మాకొద్దు.

ఆ మాట కొట్టేసి 'ఏటా మార్చి, సెప్టెంబర్ నెలల్లో' అని తెలుగులోనూ మరాఠీలోనూ రాయాలని ఆదివారం సభలో మేమే సవరణ పెడుతున్నాం. సంతకం చేసేవాళ్లు గంట ముందే రండి. చదవడం రాని పెద్దలకు ముసాయిదా మేం చదివి వినిపిస్తాం.