గోడకెక్కిన చెక్క ముక్కలు

గృహప్రవేశం దగ్గరపడేసరికి కొత్త ఫ్లాటు బాల్కనీ మూలన ఒక గుట్ట తయారవుతుంది. వార్డ్‌రోబులు కోయగా మిగిలిన ప్లైవుడ్ పీలికలు, గుమ్మాల టేకు తునకలు, బీడింగు ముక్కలు, సన్మైకా అంచులు. ఎనిమిదడుగుల పొడవు, నాలుగడుగుల వెడల్పు షీటు కొన్నప్పుడు మొత్తం 32 చదరపు అడుగులకూ డబ్బు కట్టాం కాబట్టి ఆ గుట్ట కూడా మన సొమ్మే. అయినా కిందికి దించడానికి మళ్లీ కూలి ఇచ్చి మరీ వదిలించుకుంటాం. నెల తిరక్కుండా టీవీ వెనక గోడ బోసిగా ఉందనిపిస్తుంది. అప్పుడు పాత చెక్కలా కనిపించేటట్టు తయారుచేసిన కొత్త పలకల్ని చదరపు అడుగు లెక్కన కొనుక్కొచ్చి బిగించుకుంటాం. పురుగు తొలిచినట్టు చిల్లులు, ఎండకు వెలిసినట్టు రంగు, మేకు ఊడిన గుర్తు, అన్నీ ఫ్యాక్టరీలోనే పడి వస్తాయి. ఈ వ్యవహారం నాకు మింగుడుపడదు.

మిగిలిన చెక్కతో గోడకు అందం తేవడం మంచి పనే, కాదనను. ఆ చెక్క మన ఇంట్లో మిగిలినదో, మనం ఎరిగిన ఇంట్లోంచి వచ్చినదో అయినప్పుడే దానికి అర్థం.

గోదావరి జిల్లాల్లో మండువా లోగిలి పడగొడితే స్తంభాలు, దూలాలు, చెక్కడపు తలుపులు లారీ ఎక్కుతాయి. పాత కలప కొనేవాళ్ల చేతుల మీదుగా అవి రిసార్టులకో హోటళ్లకో చేరతాయి. ఎవరి తాతగారి వీధి తలుపో మరెవరో భోంచేసే బల్ల అవుతుంది. ఇంటివాళ్లకు మిగిలేది వ్యాపారి వద్దని వదిలేసిన చిన్నా చితకా. మా అమ్మమ్మగారి వంటింటి ద్వారబంధం ముక్క ఒకటి అలాగే నా వాటాకు వచ్చింది. జానెడు పొడవు. పైన ఆకుపచ్చ ఎనామిల్, పెచ్చు లేచిన చోట నీలం, దాని అడుగున ఇటుక రంగు. తలుపు గొలుసు ఏళ్ల తరబడి ఊగి ఊగి చెక్కలో అర్ధచంద్రాకారపు గాడి పడింది. గోరు పెడితే ఆ గాడి అంచు ఎంత నున్నగా ఉందో తెలుస్తుంది. ఈ గాడిని ఏ ఫ్యాక్టరీ వేయగలదు?

అయితే ఆ రంగు పొరల దగ్గరే జాగ్రత్త కావాలి. మన దేశంలో ఇంటి రంగుల్లో సీసం 90 పీపీఎం మించరాదన్న నిబంధన అమల్లోకి వచ్చింది 2017 నవంబరులో. అంతకు ముందటి ఎనామిల్‌లో సీసం ఉందనుకోవడమే క్షేమం. ఉప్పు కాగితం పట్టుకుని పొడిగా రుద్దితే ఆ దుమ్ము మన ఊపిరిలోకి పోతుంది, నేల మీద పాకే పిల్లల చేతికీ అంటుతుంది. రంగు గట్టిగా ఉంటే గోకకుండా తడిగుడ్డతో తుడిచి, పైన పారదర్శకమైన వార్నిష్ వేసి వదిలేయాలి. పెచ్చులుగా రాలుతుంటే ఇంట్లోకే తేవద్దు.

గుట్టలో రకరకాల ముక్కలుంటాయి. టేకు, వేప, మామిడి, ప్లై అన్నీ ఒకే గోడ మీదికి ఎలా ఇముడుతాయన్నది చాలామంది సందేహం. లూయీజ్ నెవెల్సన్ అనే అమెరికన్ శిల్పి ఈ చిక్కును తేలిగ్గా విడదీసింది. న్యూయార్క్ వీధుల్లో పారేసిన చెక్కలు, మెట్ల కమ్మీలు, సామాను తునకలు ఏరుకొచ్చి పెట్టెల్లో అమర్చి, పెట్టె మీద పెట్టె పేర్చి, మొత్తానికీ ఒకే నలుపు పూసింది. 1958లో చేసిన ‘స్కై కెథెడ్రల్’ 11 అడుగుల పైచిలుకు ఎత్తుంటుంది. రంగు ఒక్కటైపోయేసరికి కంటికి ఆకారాలు, నీడలు మాత్రమే ఆనతాయి. మన ప్లై ముక్కలకు ఈ ఉపాయం బాగా నప్పుతుంది. టేకుకు మాత్రం రంగు పూయడానికి నాకు చేతులు రావు. అవిసె నూనె పట్టించి ఊరుకుంటే చాలు.

ఇక ఖర్చు. ముక్కలు ఉచితం కాబట్టి గోడా ఉచితమే అనుకుని వడ్రంగితో బేరం మొదలుపెట్టేవాళ్లున్నారు. అతను చెప్పేది వినండి: “కొత్త చెక్కయితే సాయంత్రానికి చేసిస్తా మేడమ్. ఈ ముక్కలతో అయితే మేకులు వెతకడానికే పూట పడుతుంది.” నిజమే. పాత చెక్కలో తల విరిగి లోపలే ఉండిపోయిన మేకు ఒక్కటి తగిలితే చిత్రిక బ్లేడు నోరు పోతుంది. మందం ప్రకారం వేరు చేయాలి, అంచులు సరిచేయాలి, నేల మీద పరిచి చూసుకోవాలి. ఇదంతా పనే. దీనికి కూలి తగ్గించమనడం అన్యాయం.

గోడ మొత్తం కప్పేయాలన్న మోజు కూడా వద్దు. అవతల బాత్‌రూమ్ ఉన్న గోడ, వాన జల్లు కొట్టే గోడ పనికిరావు. చెమ్మకు చెదలు వస్తాయి. టేకు లోపలి చేవను చెద అంత తేలిగ్గా ముట్టదు గానీ, బయటి తెల్ల పొరను వదలదు. మన గుట్టలో ఎక్కువగా ఉండేది ఆ పొరే. పలకలు వానాకాలంలో ఉబ్బుతాయి కాబట్టి మధ్య అగ్గిపుల్ల మందం సందు విడవాలి. అన్నిటికంటే పెద్ద సమస్య బల్లి. గోడకూ చెక్కకూ మధ్య ఖాళీ కనపడితే చాలు, కాపురం పెట్టేస్తుంది. ఎత్తుపల్లాలుగా పేర్చిన ముక్కల మీద దుమ్ము ఎవరు దులుపుతారన్నది ముందే తేల్చుకోవాలి. ఇన్‌స్టాగ్రామ్ ఫొటోల్లో చీపురు కనపడదు. ఇంటి పనికి వచ్చే అమ్మాయి నెత్తిన పడే పని అది. అందుకే మూడడుగుల వెడల్పు, నాలుగడుగుల ఎత్తు ప్లై మీద ముక్కలు అంటించి, పటంలా తగిలించుకోమంటాను. బరువు మాత్రం చూసుకోవాలి.

ఇంట్లో ముక్కలు లేనివాళ్లు సరుకు కింద పెట్టే చెక్క ప్యాలెట్లు కొంటున్నారు. విదేశీ సరుకుతో వచ్చినవాటి మీద గోధుమ కంకి గుర్తు పక్కన రెండక్షరాలుంటాయి. హెచ్‌టీ అంటే చెక్క లోపలిదాకా 56 డిగ్రీల వేడి 30 నిమిషాల పాటు తగిలిందని. ఎంబీ అంటే మిథైల్ బ్రోమైడ్ అనే విషవాయువు పట్టించారని. రెండోది పడగ్గదికే కాదు, వరండాకూ వద్దు.

ఎంత చేసినా గోడకూ పనికిరానివి కొన్ని మిగులుతాయి. రంగు, పాలిష్ తగలని ఉత్త చెక్కయితే భోగి మంటకు ఉంచుకోవచ్చు. ప్లైవుడ్‌లో, ఎండీఎఫ్‌లో రసాయనాల జిగురు ఉంటుంది. సన్మైకా అంటే రెజిన్‌లో తడిపి ఒత్తిన కాగితాల దొంతర. వీటిని మంటలో పడేసి చుట్టూ పిల్లల్ని నిలబెట్టకండి. ప్లై ముక్కలు కావాలేమో వడ్రంగినే అడగండి. షెల్ఫుల కింద దన్నుకో, పనిముట్ల పెట్టెకో వాడుకుంటాడు. అతను కూడా వద్దన్నవే చెత్త బండికి.